తరగతి గదిలో కొత్త పలక



తరగతి గదిలో అంతర్జాల సాధనాలను, టాబ్లెట్లను ఏ విధంగా ఉపయోగించుకోవాలి అనే విషయంపై నాలుగు మాటలు చెప్పవలసిందిగా నన్ను ఆదేశించారు. నేను సాంకేతిక నిపుణుల కోవకు చెందను. హిందీ నుండి తెలుగులోకి అనువదించడం నా వృత్తి. కనుక ఈ విషయాన్ని యంత్రం వైపు నుండి కాక, ఆ యంత్రం తెరపై కనిపించే మాట వైపు నుండి పరిశీలించడమే నాకు చేతనైన పని.

మన దేశంలో తరతరాలుగా అక్షరాభ్యాసం పలక మీదనే జరిగింది. టాబ్లెట్ అనే ఇంగ్లీషు మాటకు కూడా పలక అనే అర్థం. అయితే పాత పలకకు, ఈ కొత్త పలకకు ఒక ముఖ్యమైన భేదం కలదు. పాత పలక పిల్లవాని చేతికి ఖాళీగా వచ్చేది. దాని మీద అతడు ఏది దిద్దితే అదే ఉండేది. కొత్త పలక నిండుగా వస్తుంది. ఎవరో, ఎక్కడో, ఏదో ఒక భాషలో సిద్ధం చేసిన పాఠాలను మోసుకొని వస్తుంది. అందుచేత ఆ పాఠాన్ని రాసినవారెవరు, ఏ భాషలో రాశారు, ఎవరి స్థాయిని దృష్టిలో పెట్టుకొని రాశారు అనే ప్రశ్నలు తప్పనిసరిగా ఉదయిస్తాయి. ఈ ప్రశ్నలకు సరైన సమాధానం దొరకని చోట, ఎంత ఖరీదైన పరికరమైనా అల్మారాలో చేరుతుంది. ఆ నష్టం ముందుగా తగిలేది ఇంటి వద్ద చదువు చెప్పేవారు లేని బీద పిల్లలకే.

దూరం నుండి పాఠం చెప్పే సాధనాలు మనకు కొత్తవి కావు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు మన అంతరిక్ష పరిశోధన సంస్థ ఉపగ్రహం ద్వారా దూరదర్శన్ బోధన ప్రయోగాన్ని నిర్వహించింది. అమెరికాకు చెందిన ఏటీఎస్-6 అనే ఉపగ్రహాన్ని ఒక సంవత్సరం పాటు అరువు తీసుకొని, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలను అందించారు. ఉదయం బడిపిల్లలకు, సాయంకాలం గ్రామస్థులకు ప్రసారాలు జరిగేవి. హిందీ, తెలుగు, కన్నడ, ఒరియా భాషలలో కార్యక్రమాలు తయారయ్యాయి. వాటి రూపకల్పనకు ఢిల్లీ, కటక్, హైదరాబాదు నగరాలలో కేంద్రాలు నెలకొన్నాయి. ఉపగ్రహం పరాయిదైనా, అందులో నుండి వినవచ్చిన మాట మాత్రం ఆయా ప్రాంతాల వారిదే. సంవత్సరం తిరిగేసరికి ఉపగ్రహాన్ని దాని సొంతదారులు వెనక్కు తీసుకున్నారు. కాని నాలుగు భాషలలో పాఠాలు తయారు చేయగలమనే అనుభవం మనకు మిగిలింది. పరికరం మారిపోయినా మిగిలేది పాఠమనీ, పాఠం తయారు చేయగల మనుషులనీ ఆ ప్రయోగం మనకు నేర్పింది.

ఇటువంటి మరొక ప్రయత్నం 2011లో జరిగింది. ఆ సంవత్సరం అక్టోబరు 5న న్యూఢిల్లీలో 'ఆకాశ్' అనే చౌక టాబ్లెట్‌ను విడుదల చేశారు. దానిని హైదరాబాదులో కూర్చారు. ప్రభుత్వం ఒక్కొక్క దానికి సుమారు 2,276 రూపాయలు చెల్లించింది. అంత తక్కువ వెలకు ప్రతి విద్యార్థికీ ఒక యంత్రం అందించాలన్న సంకల్పం గొప్పదే. కాని మొదటి రకం నెమ్మదిగా పనిచేస్తున్నదనీ, తెర వేలి స్పర్శకు సరిగా స్పందించడం లేదనీ, విద్యుత్తు త్వరగా తరిగిపోతున్నదనీ వాడి చూసినవారు చెప్పారు. సరఫరాలో జాప్యం జరిగింది. కొద్ది సంవత్సరాలలోనే ఆ పథకం మరుగున పడింది. వెల తక్కువ కావడం అవసరమే గాని, అదొక్కటే చాలదని ఆ అనుభవం తెలిపింది.

2020 మార్చిలో మహమ్మారి కారణంగా దేశమంతటా బడులు మూతపడినప్పుడు ఈ విషయం ప్రతి ఇంటి సమస్యగా మారింది. 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారం అంతర్జాల సౌకర్యం కలిగిన కుటుంబాలు పట్టణాలలో నూటికి 42, గ్రామాలలో నూటికి 15కు లోపు. కంప్యూటరు ఉన్న గ్రామీణ కుటుంబాలు నూటికి అయిదు కూడా లేవు. అట్టి స్థితిలో రాష్ట్రాలు తమకు తోచిన దారులు వెదుక్కున్నాయి. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ వాహినుల ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి వాహిని ఈ పని చేసింది. కేరళ జూన్ 1వ తేదీననే దూరదర్శిని తరగతులను ప్రారంభించింది. అక్కడ మలయాళంతోపాటు ఆ రాష్ట్రంలోని భాషా అల్పసంఖ్యాకుల పిల్లల కోసం తమిళంలోను, కన్నడంలోను కూడా పాఠాలు తయారు చేశారు. ఇంట్లో టీవీ లేని పిల్లలను గ్రామ గ్రంథాలయాలలో కూర్చోబెట్టి పాఠాలు చూపించారు. గ్రంథాలయ నిర్వాహకులు ఈ సంగతిని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలని నా మనవి.

ఆ తరువాత పరికరాల సంఖ్య వేగంగా పెరిగింది. బడికి వెళ్లే పిల్లలున్న గ్రామీణ కుటుంబాలలో స్మార్ట్ ఫోను కలవి 2018లో నూటికి 36 చిల్లర కాగా, 2022 నాటికి నూటికి 75కు చేరువైనట్లు 'అసర్' నివేదికలు తెలుపుతున్నాయి. అయితే ఇంట్లో ఫోను ఉన్నంత మాత్రాన అది పిల్లవాని చేతిలో ఉన్నట్లు కాదు. తండ్రి పొలానికి వెళితే ఫోను కూడా పొలానికి వెళుతుంది. సాయంత్రం తిరిగి వచ్చిన తరువాత ముందు అన్నకు, ఆ తరువాత చెల్లెలికి దక్కుతుంది. 2023లో 28 జిల్లాలలో 14 నుండి 18 సంవత్సరాల వయసు వారిని అదే సంస్థ పరిశీలించింది. ఫోను వాడడం తెలిసినవారిలో సొంత ఫోను ఉన్న మగపిల్లలు నూటికి సుమారు 44 మంది కాగా, ఆడపిల్లలు 20 మంది మాత్రమే. బడిలోని టాబ్లెట్ ఆడపిల్లకు ఎంత అవసరమో ఈ అంకెలే చెబుతున్నాయి. అన్న అనుమతితో పని లేకుండా ఆమె చేతికి అందే పరికరం బహుశా అదొక్కటే.

ఇక పరికరం వలన చదువు నిజంగా మెరుగుపడుతుందా అనే ప్రశ్నకు వద్దాం. దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో గ్రామీణ పాఠశాలల పిల్లలకు లాప్‌టాప్‌లు ఇచ్చారు. 319 పాఠశాలలను పరిశీలించి 2012లో వెలువరించిన అధ్యయనం, గణితంలోను భాషలోను పిల్లల మార్కులు పెరిగినట్లు ఆధారం కనిపించలేదని తేల్చింది. యంత్రం చేతికి ఇచ్చి ఊరుకుంటే చదువు దానంతటది రాదన్నమాట.

మన దేశ రాజధానిలో దీనికి భిన్నమైన అనుభవం కలిగింది. ఆచార్య కార్తీక్ మురళీధరన్, ఆయన సహచరులు 2015లో ఢిల్లీలోని ప్రభుత్వ పాఠశాలల పిల్లలు 619 మందితో ఒక అధ్యయనం చేశారు. బడి వేళల తరువాత ఒక కేంద్రంలో సగం సేపు కంప్యూటరు ముందు, సగం సేపు ఒక సహాయకుని వద్ద చిన్న బృందంగా పిల్లలు చదువుకున్నారు. లాటరీ ద్వారా అవకాశం దొరికిన పిల్లలు నాలుగున్నర నెలలలోనే, దొరకని పిల్లలతో పోలిస్తే గణితంలో సుమారు రెట్టింపు, హిందీలో రెట్టింపుకు మించి ప్రగతి సాధించారు. ఆరవ తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతుల వెనుక ఉన్నారని కూడా ఆ అధ్యయనంలో బయటపడింది. అటువంటి పిల్లవానికి ఆరవ తరగతి పాఠాన్ని ఎంత అందమైన బొమ్మలతో చూపినా ప్రయోజనం ఏముంటుంది? ఢిల్లీలోని ఆ సాఫ్ట్‌వేర్ ప్రతి పిల్లవానికీ తెలిసినది ఎంతో ముందు కనుక్కొని, అక్కడి నుండి మొదలుపెట్టింది. ఆ పిల్లలకు తెలిసిన హిందీలో చెప్పింది. పక్కన మనిషి ఉన్నాడు. ఈ మూడూ కలిసినందువల్లనే ఫలితం వచ్చిందని నా అభిప్రాయం.

ఈ సందర్భంలో మన పొరుగు రాష్ట్రంలోని ఒక ఉపాధ్యాయుని కృషిని తలచుకోవడం సముచితం. మహారాష్ట్రలోని సోలాపూర్ జిల్లా పరితేవాడి గ్రామంలో జిల్లా పరిషత్తు పాఠశాలకు 2009లో రంజిత్‌సింహ్ దిసలే అనే ఉపాధ్యాయుడు వచ్చారు. సోలాపూర్ కర్ణాటక సరిహద్దు జిల్లా. అక్కడి పిల్లల ఇంటి భాష కన్నడం, పాఠ్యపుస్తకం భాష వేరు. ఆయన ముందుగా కన్నడం నేర్చుకున్నారు. పాఠాలను పిల్లల భాషలోకి అనువదించారు. ఆ తరువాతనే పుస్తకం పుటలపై క్యూఆర్ కోడ్ గుర్తులు ముద్రించి, వాటి ద్వారా పద్యాలు, కథలు, పాఠాలు వినేటట్లు, చూసేటట్లు చేశారు. ఆ పద్ధతిని తరువాత మహారాష్ట్ర ప్రభుత్వం స్వీకరించింది. 2020లో ఆయనకు అంతర్జాతీయ ఉపాధ్యాయ పురస్కారం లభించినప్పుడు అందులో సగం సొమ్మును తుదిపోటీలో నిలిచిన ఇతర దేశాల ఉపాధ్యాయులకు పంచి ఇచ్చారు. లోకం ఆయన కోడ్ గుర్తులను మెచ్చుకున్నది. నా దృష్టిలో అంతకంటె పెద్దది, ఆయన ముందుగా చేసిన పని. పిల్లల భాష నేర్చుకోకుండా ఆ గుర్తులు ముద్రించి ఉంటే, అవి అర్థం కాని పాఠాలకు మరొక తలుపు మాత్రమే అయి ఉండేవి.

నేడు పుస్తకాలపై కోడ్ గుర్తులు దేశమంతటా కనిపిస్తున్నాయి. 2017 సెప్టెంబరు 5న ప్రారంభమైన 'దీక్ష' వేదికపై ముప్పైకి పైగా భాషలలో పాఠ్యసామగ్రి కలదు. కనీసం అయిదవ తరగతి వరకు, వీలైతే ఎనిమిదవ తరగతి వరకు మాతృభాషలో బోధన జరగాలని 2020 నాటి జాతీయ విద్యావిధానం సూచించింది. 22 భారతీయ భాషలలో అయిదేళ్లలో 22,000 పుస్తకాలు తయారు చేయించాలని 2024లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఒక పథకం ప్రకటించింది. ఇంత పని త్వరగా జరగాలంటే యంత్రానువాదం సహాయం తీసుకోక తప్పదు. అందుకు నాకు అభ్యంతరం లేదు. కాని యంత్రం వేసిన చిత్తుప్రతిని తెలుగు తెలిసిన మనిషి చదవకుండా పిల్లల ముందు పెట్టకూడదని మాత్రం గట్టిగా చెప్పదలచుకున్నాను.

ఎందుకో కొన్ని ఉదాహరణలతో మనవి చేస్తాను. హిందీకి, తెలుగుకు సంస్కృత పదసంపద ఉమ్మడి ఆస్తి. అందువల్ల అనువాదం సులభమని చాలామంది తలుస్తారు. నిజానికి చిక్కు అక్కడే ఉన్నది. హిందీలో 'శిక్షా' అంటే విద్య. తెలుగులో శిక్ష అంటే దండన. హిందీలో 'అవసర్' అంటే అవకాశం. మనకు అవసరం అంటే అక్కర. వారి 'ఉపన్యాస్' నవల. మన ఉపన్యాసం నేనిప్పుడు చేస్తున్నది. వారి 'వ్యవసాయ్' వృత్తి లేక వ్యాపారం. మన వ్యవసాయం సేద్యం. వారి 'విచార్' ఆలోచన. మన విచారం దుఃఖం. వారి 'సంసార్' ప్రపంచం. మన సంసారం ఇల్లూ వాకిలీ. గణిత పాఠంలో, ఈ కుండలో ఎన్ని గ్లాసుల నీళ్లు పడతాయో 'అనుమాన్' లగాయియే అని హిందీలో ఉంటుంది. తెలుగులో అది 'అంచనా వేయండి' అని రావాలి. 'అనుమానించండి' అని వస్తే మూడవ తరగతి పిల్ల ఆ కుండను అనుమానంగా చూస్తుందే గాని లెక్క చేయదు. నవ్వుకోదగిన విషయమే. కాని ఆ పిల్ల నవ్వదు. పుస్తకం తప్పు చెప్పదని ఆమె నమ్మకం. కనుక తనకే అర్థం కాలేదనుకుంటుంది. గణితం తనకు రాదనే భయం ఇటువంటి చోటనే పుడుతుంది.

అనువాదం సరిగా జరిగితే ఎంత మేలు కలుగుతుందో కూడా చెప్పాలి. రాజస్థాన్‌ను గురించిన పాఠంలో 'బావడీ' అనే మాట వస్తుంది. దానిని అలాగే దించితే తెలుగు పిల్లలకు అదొక వింత కట్టడం. 'దిగుడు బావి' అని రాస్తే, మెట్లు దిగి నీళ్లు తెచ్చుకునే బావి ఎడారి ప్రాంతంలోను, మన ఊళ్లలోను ఒకటేనని పిల్లలకు తెలుస్తుంది. దేశం ఒకటి అని పది వాక్యాలు చెప్పడం కంటె ఈ ఒక్క మాట ఎక్కువ పని చేస్తుంది. అలాగే హిందీ 'లౌకీ'ని ఒక జిల్లాలో సొరకాయ అంటారు, మరొక జిల్లాలో ఆనపకాయ అంటారు. అచ్చు పుస్తకంలో రెండింటికీ చోటు దొరకకపోవచ్చు. తెరపలకలో దొరుకుతుంది. రెండు మాటలూ వినిపించవచ్చు. కొత్త సాధనానికి ఉన్న నిజమైన శక్తి ఇదే. ఒకే పాఠాన్ని అనేక గొంతులతో చెప్పగలగడం.

ఆ శక్తిని మనం ఇంకా పూర్తిగా వాడుకోలేదు. తెలుగు రాష్ట్రాలలోనే సవర, కువి, కోయ, గోండి, కొలామి మాట్లాడే పిల్లలకు తెలుగు సైతం బడిలో నేర్చుకునే భాష. ఈ శతాబ్ది తొలి సంవత్సరాలలోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషలలో వాచకాలు తయారు చేసి బహుభాషా బోధనను ప్రారంభించారు. వాటి వెనుక ఉన్న శ్రమకు ఈ తెరపలక తోడైతే, ఆ భాషల పెద్దల కథలను, పాటలను వారి గొంతులతోనే తరగతికి తీసుకొని రావచ్చు. అట్లే తమిళనాడులోని హోసూరు ప్రాంతంలో తెలుగు చదువుకునే పిల్లలకు, ఇక్కడ తయారయిన పాఠం సరిహద్దు అడ్డం లేకుండా చేరవచ్చు. కేరళ తన కన్నడ పిల్లలకు, తమిళ పిల్లలకు చేసిన మేలు మన కళ్లముందున్నది.

అంతర్జాలం లేని చోట ఏమి చేయాలి అని అడగవచ్చు. నేపాల్‌లో 2008 నుండి ఓలె నేపాల్ అనే సంస్థ ఈ విషయంలో కృషి చేస్తున్నది. అక్కడి పాఠ్యప్రణాళికను అనుసరించి పాఠాలను, 'ఈ-పుస్తకాలయ' అనే గ్రంథాలయాన్ని సిద్ధం చేసి, బడిలోనే ఉండే ఒక సర్వరు యంత్రంలో భద్రపరుస్తారు. కొండ మీది పల్లెలో అంతర్జాలం అందకపోయినా, ఆ బడిలోని పిల్లలు ఆ పుస్తకాలు చదువుకోగలరు. మన ఏజెన్సీ ప్రాంతాల పాఠశాలలకు ఈ మార్గం పరిశీలించదగినది.

ఉపాధ్యాయులు లేకుండా ఈ పని సాగుతుందనే భ్రమ ఎవరికీ ఉండరాదు. విద్యలో సాంకేతికతను గురించి 2023లో యునెస్కో వెలువరించిన నివేదిక కూడా, సాధనం విద్యార్థికి మేలు చేసే చోటనే దానిని వాడాలనీ, అది గురువుకు తోడుగా ఉండాలే గాని గురువు స్థానాన్ని ఆక్రమించరాదనీ హెచ్చరించింది. పిల్లవాడు తప్పు మీట నొక్కినప్పుడు యంత్రం తప్పు అని చెప్పగలదు. ఆ పిల్లవాడు ఆ రోజు అన్నం తినకుండా వచ్చాడేమోనని అడగవలసినది ఉపాధ్యాయుడే.

ఇంతవరకు చెప్పిన దానిని బట్టి కొన్ని విన్నపాలు చేస్తాను.

ఉపాధ్యాయ మిత్రులు తెరపై చూపే ప్రతి పాఠాన్ని ముందుగా తాము ఒకసారి చూడాలి. అందులో తమ పిల్లలకు తెలియని మాట ఉంటే దానికి ఊరి మాట ఏదో పలకరించి చెప్పాలి. పదిహేను నిమిషాలు చూపి, ముప్పై నిమిషాలు మాట్లాడించాలి. ఆడపిల్లల చేతికి పరికరం సమానంగా అందుతున్నదో లేదో గమనించాలి. పిల్లల పేర్లు, ఫోటోలు, వివరాలు అడిగే సాధనాల విషయంలో జాగ్రత్త వహించాలి. పద్దెనిమిదేళ్ల లోపు వారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని 2023లో పార్లమెంటు ఆమోదించిన చట్టం చెబుతున్నది.

గ్రంథాలయ నిర్వాహకులు ఒక పుస్తకం తెరిచి ఉంచాలని కోరుతున్నాను. పాఠాలలో కనిపించిన తప్పు అనువాదాలను, అర్థం కాని మాటలను విద్యార్థులు అందులో రాయాలి. సంవత్సరానికి ఒకసారి వాటిని పాఠ్యసామగ్రి తయారు చేసే సంస్థలకు పంపాలి. యంత్రానువాదం బాగుపడేది ఇట్టి దిద్దుబాట్ల వల్లనే. ఈ పని ఢిల్లీలో కూర్చున్నవారు చేయలేరు. తెలుగు ఇంట పుట్టినవారే చేయాలి. తెర పక్కన నిఘంటువును కూడా అందుబాటులో ఉంచండి.

విద్యార్థులకు ఒక మాట. మీలో కొందరు రేపు ఉపాధ్యాయులవుతారు, కొందరు సాఫ్ట్‌వేర్ రాస్తారు, ఒకరో ఇద్దరో నావలె అనువాదకులు కావచ్చు. మరొక భారతీయ భాషను చదివి అర్థం చేసుకోగలిగేటంతగా నేర్చుకోండి. హిందీ కావచ్చు, ఒడియా కావచ్చు, కన్నడం కావచ్చు. నేటి సాధనాలు ఆ పనిని సులభం చేశాయి. రెండు భాషలు బాగా తెలిసిన మనుషులు తగినంతమంది లేకపోతే, ఎన్ని లక్షల పలకలు పంచినా వాటిలో పిల్లలకు అర్థమయ్యే పాఠం ఉండదు.

పరికరాల కొనుగోలుకు ప్రభుత్వాలు కోట్ల రూపాయలు వెచ్చిస్తున్నాయి. అందులో కొంత భాగం పాఠాల అనువాదానికి, వాటి పరిశీలనకు, ఉపాధ్యాయుల శిక్షణకు ప్రత్యేకించాలని ఈ సభ ద్వారా మనవి చేస్తున్నాను. పలక చేతికి అందిన పిల్ల, దాని మీద ఉన్న మాట తన మాటేనని గుర్తుపట్టగలగాలి. అంతవరకు మన పని పూర్తి అయినట్లు కాదు.